కంటి ముందు మంచుతెర!

మంచు మీద ఆడే హాకీలో రబ్బరు బిళ్ల గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో దూసుకొస్తుంది. దాన్నుంచి కంటిని కాచేది ముఖం ముందున్న పల్చటి ప్లాస్టిక్ అద్దం. మరి ఆ అద్దానికే ఆవిరి పట్టేస్తే? ఆటగాళ్ల దగ్గర్నుంచి అంతరిక్షంలో నడిచిన వ్యోమగాముల దాకా అందరినీ ఏడిపించిన సమస్య ఇది. దానికి దొరికిన మందు మాత్రం మన స్నానాల గదిలోనే ఉంది!

తెల్లవారుజామున ఆరు కూడా కాలేదు. బయట మైనస్ పద్నాలుగు డిగ్రీలు. కెనడాలో, టొరంటో పక్కనున్న మిసిసాగాలోని అక్కావాళ్లింటికి జనవరిలో వెళ్లడం నేను చేసిన మొదటి పొరపాటు. ‘రేపు మావాడి ఆట ఉంది, వస్తావుటే’ అని అక్క అడిగితే తలూపడం రెండోది. రెండు స్వెట్టర్లు, ఒక కోటు, అక్క శాలువా... ఇన్ని చుట్టుకుని కూడా ఆ చెక్క బెంచీ మీద గజగజా వణుకుతూ కూర్చున్నా. ఎదురుగా తెల్లటి మంచు పలక. దాని మీద పదకొండేళ్ల పిల్లలు పాదరసం చుక్కల్లా జారిపోతున్నారు. వాళ్లలో ఏడో నంబరు చొక్కా మావాడిది.

మొదటి అయిదు నిమిషాలూ వాడు బాగానే ఆడాడు. ఆ తర్వాత విశ్రాంతికి బెంచీ మీదికి వచ్చాడు. అక్కడే మొదలైంది తిప్పలు. ఒళ్లంతా చెమట, రొప్పు. ముఖాన్ని గడ్డం దాకా కప్పేసిన పారదర్శకమైన అద్దం. చూస్తుండగానే అది పాలపొంగులా తెల్లబడిపోయింది. చేతి తొడుగు తీసి, వేలు లోపలికి దూర్చి రుద్దాడు. చారలు పడ్డాయి. మళ్లీ వాడి వంతు వచ్చింది. మంచు మీదికి దిగాడు కానీ చూపు ఆనడంలేదు. ఏం చేస్తాడు పాపం? హెల్మెట్‌ని వెనక్కి నెట్టి, గడ్డం దగ్గర ఏర్పడ్డ సందులోంచి చూస్తూ ఆడటం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే నల్లటి బిళ్ల ఒకటి వాడి చెంప పక్కనుంచి వెళ్లి వెనకాల గోడకి ‘ఠప్’మని తగిలింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. గోళ్ల గుర్తులు మధ్యాహ్నం దాకా పోలేదు.

రిఫరీ ఈల వేశాడు. హెల్మెట్ సరిగ్గా పెట్టుకోనందుకు మావాణ్ని బయటకు పంపేశాడు. బెంచీ మీద కూర్చుని వాడు ఏడుస్తుంటే, కళ్లనీళ్లకి ఆ అద్దం ఇంకాస్త మసకబారింది.

‘‘కేజ్ కొనమన్నాను, విన్నావా?’’ అంది అక్క. బావది తెనాలి. టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడి పెరిగిన మనిషి. మంచు హాకీ ఆయనకి వాడితోపాటే పరిచయం. ‘‘ఆ ఇనప కడ్డీల ముసుగు కోళ్లగంపలా ఉంటుంది. పిల్లాడి మొహం కూడా కనబడదు. పైగా ఇదే ఖరీదెక్కువ’’ అని ఆయన అంతకుముందు వారమే ఈ అద్దం కొనుక్కొచ్చాడట.

కన్ను ఖరీదు

హాకీ అంటే మనకి ధ్యాన్‌చంద్, పచ్చగడ్డి గుర్తొస్తాయి. ఈ హాకీ వేరు. బంతి ఉండదు. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉండే గట్టి రబ్బరు బిళ్ల... దాన్నే ‘పక్’ అంటారు. మంచు మీద ఎగరకుండా జారాలని పెద్ద పోటీల్లో దాన్ని ముందుగానే గడ్డకట్టిస్తారు. అంటే రాయితో సమానం. దాన్ని కర్రలతో కొడుతూ, కత్తుల్లాంటి స్కేట్ల మీద పరుగులు తీస్తూ ఆడే ఆట ఇది.

ఇంత ప్రమాదకరమైన ఆటని చాలా కాలం ముఖానికి ఏ అడ్డూ లేకుండానే ఆడారంటే నమ్మబుద్ధి కాదు. మాంట్రియల్ జట్టు గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ముఖం పగిలి, కుట్లు వేయించుకుని, మాస్కు పెట్టుకుంటేనే మళ్లీ ఆడతానని భీష్మించాడు. గోల్‌కీపర్లకు ముసుగు అలవాటు చేసింది ఆ పంతమే. మిగతా ఆటగాళ్లు మాత్రం మొండికేశారు. నేషనల్ హాకీ లీగ్‌లో అసలు హెల్మెట్టే లేకుండా ఆడిన చివరి ఆటగాడు క్రెయిగ్ మాక్‌టావిష్ 1997లోగానీ రిటైర్ కాలేదు!

హెల్మెట్లు వచ్చాక కూడా కళ్ల ముందు అద్దం పెట్టుకోవడానికి చాలామంది ఇష్టపడలేదు. మగతనానికి తక్కువన్న భావన ఒకటి. ‘చెమటకి మసకబారుతుంది, పక్ కనిపించదు’ అన్నది రెండోది. మొదటిదాన్ని కొట్టిపారేయొచ్చు. రెండోదాన్ని మాత్రం అలా తీసేయలేం. మావాడి ఆట చూశాక నాకూ ఆ మాట నిజమేననిపించింది.

2000 మార్చి 11న ఒటావాలో టొరంటో జట్టు ఆటగాడు బ్రయన్ బెరార్డ్ కుడికంటికి ప్రత్యర్థి కర్ర కొస తగిలింది. ఆయన ముఖానికి అద్దం లేదు. వరస ఆపరేషన్లు చేసినా ఆ కంట్లో చూపు చాలావరకూ పోయింది. కాంటాక్ట్ లెన్స్ సాయంతో 2001లో మళ్లీ మంచు మీదికి రావడం ఆయన పట్టుదల. 2013 మార్చిలో న్యూయార్క్ ఆటగాడు మార్క్ స్టాల్ కంటికి పక్ తగిలింది. ఆయనకీ అద్దం లేదు. లీగ్‌లో అప్పటికే ముప్పావు వంతు మంది అద్దం వాడుతున్నారు. 2013-14 సీజన్ నుంచి, అప్పటికి 26 మ్యాచులు కూడా ఆడని వాళ్లందరికీ అది తప్పనిసరి అయింది. పాతవాళ్లని మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేశారు. దాంతో అద్దం లేని ముఖాలు ఏటేటా తగ్గుతూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నికి వచ్చాయి.

పిల్లల విషయంలో కెనడా ముందే మేలుకుంది. టొరంటో కంటి డాక్టరు టామ్ పాష్‌బీ దగ్గరికి హాకీలో కళ్లు పోగొట్టుకున్న పిల్లలు వచ్చేవారు. ఆయన ఆ గాయాలన్నిటినీ ఓపిగ్గా లెక్కలు కట్టి అధికారుల ముందు పెట్టాడు. ముఖకవచాలకు ప్రమాణాలు, పిల్లలందరికీ పూర్తి ముసుగు తప్పనిసరి అన్న నిబంధన... అన్నీ ఆ పోరాటంతోనే వచ్చాయి. ఆ తర్వాత పిల్లల్లో కన్ను పోవడమన్నది దాదాపు వినపడకుండా పోయింది.

అంటే ముసుగు పనిచేస్తుంది. అది ముఖం మీద సరిగ్గా ఉన్నంతసేపూ పనిచేస్తుంది. ఆవిరి పట్టిందని పైకి నెట్టిన క్షణం నుంచీ ఆ కన్ను 1959లో ఉన్నట్టే!

తామరాకు గుణం

ఇంతకీ ఈ మసక ఎక్కడిది? ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి చెమటలు పట్టడం మనం రోజూ చూసేదే. ఇదీ అదే. మనం వదిలే ఊపిరి సుమారు 34 డిగ్రీల వెచ్చదనంతో, నీటి ఆవిరిని నిండా నింపుకుని వస్తుంది. ఆ వేడి దగ్గర ఘనమీటరు గాలి సుమారు 37 గ్రాముల ఆవిరిని మోయగలదు. అదే గాలి అయిదు డిగ్రీలకు చల్లబడితే ఏడు గ్రాములు కూడా మోయలేదు. మిగతాదంతా ఎక్కడో దిగిపోవాలిగా? ఎదురుగా చల్లటి అద్దం ఉంటే దాని మీదే దిగుతుంది. హాకీలో కింద మంచు పలక సున్నాకి అయిదారు డిగ్రీల దిగువన ఉంటుంది. లోపల చూస్తే పరిగెత్తి పరిగెత్తి కొలిమిలా మండుతున్న ముఖం. ఇంతకన్నా అనువైన చోటు ఆవిరికి ఎక్కడ దొరుకుతుంది!

ఇంకో తమాషా కూడా ఉంది. పరిగెడుతున్నంతసేపూ గాలి ఆడుతుంది కాబట్టి మసక తక్కువ. బెంచీ మీద కూర్చోగానే గాలి ఆగుతుంది, ఒంట్లో వేడి మాత్రం ఆగదు. అందుకే మావాడి కష్టాలు బెంచీ మీదే మొదలయ్యాయి.

అయితే నీరు చేరడమొక్కటే సమస్య అనుకుంటే పొరపాటు. నీరు పారదర్శకమే కదా! అది చేరే తీరులోనే ఉంది చిక్కంతా. ప్లాస్టిక్ మీద నీరు పరుచుకోదు. తామరాకు మీద నీటిబొట్టులా... అంత కాకపోయినా ఆ తరహాలోనే... చిన్న చిన్న గుండ్రటి బొట్లుగా నిలబడుతుంది. లక్షల బొట్లు. ఒక్కోటీ ఒక్కో బుల్లి భూతద్దం. వెలుతురుని తలోదిక్కుకీ విరజిమ్ముతాయి. మనకి తెల్లగా కనిపించేది ఆ గందరగోళమే. అదే నీటిని బొట్లు కట్టనివ్వకుండా పల్చటి పొరలా పరుచుకునేలా చేస్తే? కిటికీ అద్దంలోంచి చూసినట్టే ఉంటుంది. ఆ పని చేసేది సబ్బు. నీటి పైపొర బిగువుని సడలించి, బొట్టుని పరిచేస్తుంది. నీళ్లలో మునిగే డైవర్లు కళ్లకు పెట్టుకునే అద్దంలో ఉమ్మి రుద్దుకునేది కూడా ఇందుకే. జిగురుగా ఉండే లాలాజలం కొంతమేర సబ్బు పనే చేస్తుంది. (హాకీ ఆడే పిల్లలూ ఆ పని చేస్తారట. ఆ వివరాల్లోకి వెళ్లొద్దని అక్క నన్ను బతిమాలింది!)

ముక్కుతో తుడుచుకున్నాడు

ఈ మసక ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది కూడా. 1966 జూన్ 5. జెమిని-9ఎ నౌకలోంచి అమెరికా వ్యోమగామి యూజీన్ సెర్నన్ అంతరిక్షంలోకి అడుగుపెట్టాడు. నౌక వెనక భాగానికి వెళ్లి, అక్కడున్న ఒక ఎగిరే యంత్రాన్ని వీపుకి తగిలించుకోవాలి. పట్టు దొరకలేదు. గాలి నింపిన సూటు చెయ్యి వంచనివ్వలేదు. ప్రతి చిన్న పనికీ ఒళ్లు హూనం. గుండె నిమిషానికి 150 సార్లకు మించి కొట్టుకుంది. సూటులోని గాలిని చల్లబరిచే ఏర్పాటు అంత చెమటను తట్టుకోలేకపోయింది. హెల్మెట్ అద్దం మొత్తం ఆవిరితో మూసుకుపోయింది.

చెయ్యి లోపలికి పెట్టి తుడుచుకునే వీల్లేదు. పైకి నెట్టుకునే మాటే లేదు, బయటున్నది శూన్యం. సెర్నన్ చివరికి ముక్కుని అద్దానికి రాసి చిన్న కంత చేసుకుని, అందులోంచి చూశాడు. నౌకలో ఉన్న కమాండర్ టామ్ స్టాఫర్డ్ ఇక చాలు, వచ్చెయ్యమన్నాడు. రెండు గంటలకు పైగా సాగిన ఆ నడక, అనుకున్న ప్రయోగం జరక్కుండానే ముగిసింది. ఆ సెర్నన్ ఆరేళ్ల తర్వాత 1972 డిసెంబరులో అపోలో-17లో వెళ్లి చంద్రుడి మీద నడిచాడు. ఆయన తర్వాత ఇప్పటిదాకా అక్కడ ఎవరూ అడుగుపెట్టలేదు.

నాసా పాఠం నేర్చుకుంది. తర్వాతి ప్రయాణాల్లో బయటికి వెళ్లబోయే ముందు హెల్మెట్ అద్దం లోపల మసక పట్టనివ్వని ద్రావణం రుద్దడం మొదలైంది. అలా తయారుచేసిన మందుల్లో ఒకదానిలో ఏమున్నాయో తెలుసా? ద్రవ డిటర్జెంటు, శుద్ధి చేసిన నీళ్లు, మంటలంటుకోని ఒక రకం నూనె!

కథ అక్కడితో సుఖాంతం అయిపోలేదు. 2001 ఏప్రిల్‌లో క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతరిక్షంలో నడిచిన తొలి కెనడా పౌరుడయ్యాడు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పెద్ద యంత్రపు చెయ్యి బిగిస్తుండగా ఎడమ కన్ను భగ్గుమంది. కన్నీళ్లొచ్చాయి. అక్కడ కన్నీరు కిందికి జారదు కదా... కంటి మీదే ముద్దలా పేరుకుని, ముక్కు మీదుగా రెండో కంట్లోకి పాకింది. రెండు కళ్లూ కనబడలేదు. అంతరిక్షంలో ఒక చేత్తో నౌకని పట్టుకుని, గుడ్డివాడిలా! ఊరి కన్నీరే మందై, ఆ మంట కరిగిపోయి, కొంతసేపటికి చూపు తేటపడింది. పని పూర్తిచేసే లోపలికి వచ్చాడు. తర్వాత తేలిందేమిటంటే, దోషి అద్దానికి రాసిన ఆ ద్రావణమే. ఆ తర్వాత నుంచి కళ్లు మండని పిల్లల షాంపూ వాడుతున్నారనీ, మొదట్నుంచీ అదే వాడాల్సిందనీ ఆయనే ఒక ప్రసంగంలో నవ్వుతూ చెప్పాడు.

అందుకే, ఆట ముగిశాక మావాడి కోచ్ మా దగ్గరికి వచ్చి, ‘‘ఇంట్లో బేబీ షాంపూ ఉందా?’’ అని అడిగినప్పుడు బావ అదేదో వేళాకోళం అనుకున్నాడు. కాదు. అది నాసాని దాటుకుని వచ్చిన వైద్యం.

రాయడం కన్నా... తుడవకపోవడం!

కోచ్ చెప్పింది, మర్నాడు వంటింటి బల్ల మీద మేం చేసి చూసింది ఇదీ. ముందు గోరువెచ్చటి నీళ్లతో అద్దం కడిగాం. లోపలి వైపు ఒక్క బొట్టు షాంపూ... నిజంగా ఒక్కటే... వేలికొసతో పల్చగా పరిచాం. కాసేపు ఆరనిచ్చి, తడిపి పిండిన మెత్తటి నూలుగుడ్డతో జిడ్డు పోయేదాకా తేలిగ్గా అద్దాం. గట్టిగా తోమితే రాసిందంతా పోతుంది. అలాగే వదిలేస్తే చారలు కడుతుంది, చెమటతో కలిసి కంట్లోకి కారుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉంది కిటుకు. నాలుగోసారికిగానీ మాకు కుదరలేదు. కెటిల్ ఆవిరి ముందు పెట్టి చూస్తే, రాసిన సగం తేటగా, రాయని సగం పాలగ్లాసులా ఉంది. మావాడు ఆ గీత మీద వేలు పెట్టి ‘‘పిన్నీ, మ్యాజిక్!’’ అన్నాడు. ఈ మ్యాజిక్ ఒక్క ఆటకే. మళ్లీ ఆటకి మళ్లీ రాయాల్సిందే.

కొన్ని అద్దాలకు కొన్నప్పుడే లోపలివైపు మసక పట్టనివ్వని పూత ఉంటుంది. వాటికి ఈ వైద్యం వద్దు. తయారీదారు రాసిచ్చిన కాగితం చదవండి (మనం పారేసేది మొదట దాన్నే కదా!). పూత ఉన్నదాన్ని కాగితంతోనో, తువ్వాలుతోనో రుద్దితే పూతే లేచిపోతుంది. నీళ్లతో కడిగి, గాలికి ఆరబెట్టడమే దానికి సేవ. టూత్‌పేస్టు రుద్దమని సలహాలిచ్చేవాళ్లుంటారు, వినకండి. పళ్లని తోమే గరుకు ప్లాస్టిక్‌ని గీకేస్తుంది. ఈ అద్దాలు పాలికార్బనేట్‌తో చేసినవి. దెబ్బకి పగలవు కానీ గీతలకు లొంగిపోతాయి. కిటికీలు తుడిచే ద్రావణాల్లో అమోనియా ఉంటే అదీ వీటికి శత్రువే.

బావ చేసిన ఇంకో తప్పు కూడా అప్పుడే బయటపడింది. సామాన్ల సంచీ రాత్రంతా కారు డిక్కీలోనే వదిలేసేవాడు. మైనస్ పద్నాలుగులో నానిన అద్దాన్ని తీసుకెళ్లి, పదిహేను మంది పిల్లల ఊపిర్లతో వెచ్చగా ఉన్న గదిలో పెడితే మంచు మీదికి దిగకముందే మసకబారక ఏమవుతుంది? సంచీ ఇంట్లో పెట్టడం మొదలుపెట్టాక సగం బాధ తీరింది. నుదుటికి చెమట పీల్చే గుడ్డపట్టీ కడితే ఇంకొంచెం.

మంచు మీద జారే మరో క్రీడలో ఈ సమస్యకి వేరే దారి పట్టారు. స్కీయింగ్ పిచ్చి ఉన్న అమెరికా పళ్ల డాక్టరు బాబ్ స్మిత్ 1965లో రెండు పొరల అద్దంతో కళ్లజోడు చేశాడు. పొరల మధ్య చిక్కుకున్న గాలి దుప్పటిలా పనిచేస్తుంది కాబట్టి లోపలి పొర చల్లబడదు. చల్లబడకపోతే ఆవిరి దిగదు. ఇప్పుడు మోటార్‌సైకిల్ హెల్మెట్లకు బిగించే ‘పిన్‌లాక్’ పొర కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

మనదేశంలో ఈ ఆటకి పుట్టిల్లు లాంటిది లద్దాఖ్. లేహ్‌లో గడ్డకట్టిన చెరువులే మైదానాలు. అక్కడి చలికి అద్దం మీది ఆవిరి తడిగా కూడా ఉండదు, పొడి మంచులా పేరుకుంటుంది. తుడిస్తే పోదు, గీకాలి. అలాంటి చోటి నుంచి వచ్చిన అమ్మాయిలే ఎక్కువగా ఉన్న మన మహిళల జట్టు 2017లో బ్యాంకాక్‌లో తొలి అంతర్జాతీయ విజయం సాధించింది. 2025లో ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది.

మెహిదీపట్నం వానలో...

ఇదంతా మనకెందుకు అంటారా? జులైలో ఓ సాయంత్రం. మెహిదీపట్నం నుంచి టోలిచౌకి వైపు స్కూటీ మీద వెళ్తున్నా. జోరువాన. వాన గాలికి చల్లబడ్డ హెల్మెట్ అద్దం, లోపల నా ఊపిరి. ముందు బస్సు ఎర్రదీపాలు పది రెట్లు పెద్దవై, దీపావళి మతాబుల్లా చెదిరిపోయాయి. అందరూ చేసేదే నేనూ చేశా... అద్దం పైకెత్తా. ఆ బస్సు చక్రం చిమ్మిన బురద నేరుగా కంట్లోకి! బండి ఎలా ఆపానో ఇప్పటికీ గుర్తులేదు. అప్పటికి నాకు షాంపూ సంగతి తెలియదు. ఇప్పుడు జూన్ రాగానే హెల్మెట్ అద్దం లోపల రాస్తున్నా. అద్దాన్ని ఒక్క మెట్టు తెరిచి, కింద వేలెడంత సందు ఉంచుతున్నా. ఆ గాలి చేసే మేలు షాంపూకన్నా తక్కువేం కాదు. వానలో నల్లద్దం మాత్రం ఎవరికీ వద్దు.

కళ్లజోడు వాళ్లకి 2020లో మాస్కు పెట్టుకున్నప్పటి అవస్థ గుర్తుండే ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లలో సర్జన్లకు అది అంతకుముందు నుంచీ ఉన్నదే. సబ్బునీళ్లతో కళ్లద్దాలు కడిగి, విదిలించి, వాటంతటవే ఆరనిస్తే చాలని ఇంగ్లండ్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పత్రికలో 2011లోనే ఇద్దరు డాక్టర్లు రాశారు. సూత్రం ఒకటే.

ఫిబ్రవరి చివర్లో అక్క ఫోన్ చేసింది. మావాడు షాంపూ అద్దంతో ఆరు ఆటలు ఆడి, ఏడో ఆటకి రాయడం మర్చిపోయి, ఇంటికొచ్చి తనే అడిగాడట... కేజ్ కొనిపెట్టమని. కడ్డీల మధ్య గాలి ఆడుతుంది, మసక ప్రసక్తే లేదు. ఆ వయసు పిల్లలకి అదే నయమని నాకూ అనిపించింది. రోజూ గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని కన్నా, అసలు పనే లేనిది మేలు కదా!

‘‘మరి షాంపూ సీసా?’’ అన్నా.

‘‘మీ బావ జేబులో’’ అంది అక్క. బయటి చలిలోంచి ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆయన కళ్లజోడు తెల్లబడిపోయి, గడప దగ్గర తడుముకోవడం పదేళ్లుగా ఉన్నదేనట.